వాసన పట్టే డబ్బా రివ్యూ: గుంటూరు ఇంట్లోనూ మిర్చి యార్డులోనూ వాడి చూశాక

ముందే చెప్పేస్తా, మొత్తం చదివే ఓపిక లేనోళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఇంట్లో గాలి ఎట్టా ఉందో చూపించే ఎయిర్ మానిటర్ డబ్బాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నయ్ కదా, కొనాలనుకుంటే లోపల చిన్న ఫ్యాన్ ఉండి గాలిని తనే లాక్కునేది కొనండి, పక్కన నాలుగు చిల్లులు పెట్టి గాలి దానంతటదే వస్తుందిలే అని వదిలేసిన మోడల్‌ని మాత్రం రేటు తక్కువ కదా అని తీసుకోకండి. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నయ్, ఒకటి నేను కొన్నది, ఇంకోటి మా బావ హైదరాబాద్ నుంచి వస్తా తెచ్చిచ్చింది. రెండూ ఒకే టేబుల్ మీద పెట్టి వాడాకే చెప్తున్నా. కంపెనీ పేర్లు రాయట్లేదు, ఒకదాన్ని తిట్టబోతున్నా కాబట్టి, పైగా బయట పేరు ఏదైనా లోపల సరుకు ఇంచుమించు ఒకే బాపతు.

అసలు కథ కబోర్డుల దగ్గర మొదలైంది. మా ఇల్లు కొరిటెపాడు, పోయినేడు కొత్తగా కబోర్డులు చేయించాం, ప్లైవుడ్డు, జిగురు, పైన పాలిష్, అన్నీ కలిసి వాసన ఇల్లంతా పట్టేసింది. కొన్నాళ్ళకి మాకైతే పోయింది. మా పిన్ని నరసరావుపేట నుంచి వచ్చి గుమ్మంలో కాలు పెట్టగానే "ఏందిరా ఈ వాసన, కళ్ళు మండుతున్నయ్, మీరెట్టా ఉంటున్నార్రా ఇంట్లో" అంది. అంటే వాసన పోలేదు, మా ముక్కులు అలవాటు పడిపోయినయ్. ముక్కుతో వచ్చిన చిక్కే అది, ఒకే వాసన ఆగకుండా వస్తా ఉంటే కాసేపటికి దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. నిద్రలో అయితే మరీను, చప్పుడు లేపినట్టు వాసన మనిషిని లేపదు. 2020 మే 7 తెల్లారుజామున విశాఖలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయినప్పుడు చుట్టుపక్కల జనం నిద్రలో ఉన్నారు, ఆ రోజు టీవీలో చూసింది ఇంకా మర్చిపోలేదు. మాకేం పక్కన ఫ్యాక్టరీ లేదు, కానీ అమ్మకి ఆయాసం ఉంది, కాబట్టి ఏదో ఒక డబ్బా ఉంటే మంచిదనిపించింది.

డబ్బా గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అరచేతిలో పట్టేంత ఉంటుంది, టైప్ సీ కేబుల్, యాప్ ఒకటి, ఆ యాప్‌కి మన లొకేషన్ ఎందుకో దేవుడికే తెలియాలి. స్క్రీన్ మీద పీఎం 2.5, పీఎం 10 (అంటే గాల్లో సన్న దుమ్ము లెక్క), వీఓసీ, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్), టెంపరేచర్, తేమ చూపిస్తుంది. కొన్న వెంటనే వచ్చిన నంబర్లు చూసి కంగారు పడకండి, ఇది ఒకటి రెండు రోజులు ఆన్‌లో ఉంటేగానీ కుదురుకోదు, ఆ సంగతి బాక్స్‌లో వేసిన కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది.

ఇప్పుడు వీఓసీ నంబర్ సంగతి. ఆవిరైపోయి గాల్లో కలిసే సేంద్రియ రసాయనాలు, పెయింటు, సెంటు, సాల్వెంట్, స్పిరిట్ లాంటివన్నీ ఈ లెక్కలోకి వస్తయ్. నా డబ్బాలో ఇది 1 నుంచి 500 దాకా ఉంటుంది. 100 అని కనపడితే గాల్లో ఏదో 100 పాళ్ళు ఉందని అందరూ అనుకుంటారు, అది కాదు. గత 24 గంటల్లో మీ గదిలో గాలి సగటున ఎట్టా ఉందో దాన్ని 100 అనుకుని, ఇప్పుడు దానికంటే మేలా నాసా అని మాత్రమే చెప్తుంది. మా కబోర్డుల వాసన రాత్రీ పగలూ ఒకేలా వస్తా ఉంటే ఇది మర్నాటికల్లా దానికి అలవాటు పడిపోయి 100 చూపించి పచ్చ లైటు వేసుకుని కూర్చుంది. మా ముక్కులు ఉచితంగా చేసిన పనే ఇది డబ్బులు తీసుకుని చేసింది. దీనికి మార్గం ఏందంటే డబ్బాని పవర్ బ్యాంకు పెట్టి ఒక రోజంతా మేడ మీద నీడలో బయట గాలికి వదిలేయండి, తర్వాత అట్టాగే ఆన్‌లోనే లోపలికి తెచ్చి కబోర్డు తలుపు తీసి దగ్గర పెట్టండి. మాది అప్పుడు ఎర్ర లైటు వేసింది. పిన్ని ముక్కు కరెక్టే.

లోపల ఏముందో చూద్దామని నాలుగు స్క్రూలు ఊడదీశా. ఆకుపచ్చ బోర్డు మీద మూడు మిల్లీమీటర్లు కూడా లేని చదరపు ముక్క, పైన వెండి రంగు మూత, మూత మీద సూదిమొన పట్టేంత చిల్లు. అంతే, ముక్కు అదే. ఆ చిల్లు కింద మెటల్ ఆక్సైడ్ పొర, దాని కింద రెండు మూడు వందల డిగ్రీలకి వేడెక్కే హీటర్ ఉంటయ్. గాల్లో ఆక్సిజన్ ఆ వేడి పొరకి అతుక్కుని ఎలక్ట్రాన్లని పట్టేసుకుంటుంది, కరెంటు పారడం కష్టమవుతుంది. ఆల్కహాలో సాల్వెంటో వంటగ్యాసో వచ్చిందనుకోండి, అది ఆ ఆక్సిజన్‌తో కలిసి కాలిపోయి ఎలక్ట్రాన్లని వదిలిపెట్టిస్తుంది, కరెంటుకి అడ్డు, అదే రెసిస్టెన్స్, పడిపోతుంది, చిప్ ఆ తేడాని నంబర్‌గా మారుస్తుంది. ఈ పద్ధతికి దారి చూపించింది జపాన్‌కి చెందిన నవోయోషి తగుచి, 1962లో టిన్ ఆక్సైడ్‌తో, అప్పట్లో అక్కడ ఇళ్ళల్లో గ్యాస్ లీకై పేలిపోతుంటే పట్టుకోవడానికి. అరవై ఏళ్ళు దాటిన ఐడియా, సైజే తగ్గింది.

ఇందులో లోటు ఏందంటే ఇది గేటు దగ్గర కూర్చుని ఎవరో వచ్చారని కేకేసే వాచ్‌మన్ లాంటిది, వచ్చింది చుట్టమా దొంగా అంటే తెలీదు. అమ్మ చేతికి శానిటైజర్ రాసుకున్నా 500, నేను షేవింగ్ లోషన్ వేసుకున్నా 500. రాత్రి దోశపిండి రుబ్బి దీనికి దగ్గర్లో పెడితే పొద్దునకి పిండితో పాటు నంబర్ కూడా పొంగుతుంది, పిండి పులిసేటప్పుడు బయటికొచ్చే ఆల్కహాల్‌కీ యాసిడ్‌లకీ. పూజ గదిలో కర్పూరం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే వెలిగించకుండానే లేస్తుంది, కర్పూరం గట్టిగా ఉన్నది ఉన్నట్టే ఆవిరైపోతుంది కదా, డబ్బాలో బిళ్ళలు ఎవరూ వాడకుండానే అరిగిపోయేది అందుకే. నూజివీడు రసాలు బుట్ట దింపి పక్కన పెట్టినప్పుడూ అంతే, మగ్గేకొద్దీ నంబర్ ఎక్కుతూ పోయింది. ఏది ఏదో అది చెప్పదు, మనమే వెతుక్కోవాలి.

మనిషి ముక్కులో వాసన రసాయనాల్ని పట్టుకునే ప్రోటీన్లు, అంటే వాసన రిసెప్టర్లు, పనిచేసేవి దాదాపు 400 రకాలు. లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో ఈ రిసెప్టర్ల జీన్ల కుటుంబాన్ని కనిపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. ఒక్కో రిసెప్టర్ చాలా రసాయనాలకి కదులుతుంది, ఒక్కో రసాయనం చాలా రిసెప్టర్లని కదుపుతుంది, ఏవేవి కలిసి మోగాయో చూసి ఇది ఇంగువ, ఇది మల్లెపూవు అని మెదడు తేల్చుకుంటుంది. నా డబ్బాలో ఉన్నది ఒక్కటే ఒక్క రిసెప్టర్ అనుకోండి. ఇంగ్లండ్‌లో వార్విక్ యూనివర్సిటీలో పెర్సాద్, డాడ్ అనే ఇద్దరు 1982లోనే ఇట్టాంటి సెన్సార్లని కొన్ని కలిపి, వాటి స్పందనల పోలికని బట్టి వాసనలు వేరుచేసి చూపించారు, ఎలక్ట్రానిక్ ముక్కు అనేదానికి మొదలు అక్కడే. అమ్మకానికి వచ్చే ఇంటి డబ్బాల్లో మాత్రం ఒక్కటితోనే సరిపెడతారు.

ఇంక మిర్చి. గుంటూరోడు కొన్న డబ్బాని మిర్చి ముందు పెట్టకుండా ఎట్టా ఉంటాడు చెప్పండి. ఎండాకాలం మొదట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించుకుంటాం, మిల్లు నుంచి తెచ్చిన కారాన్ని అమ్మ వరండాలో చీరకొంగు ముక్కుకి కట్టుకుని జల్లిస్తా ఉంది, ఇంట్లో అందరం తుమ్ముతున్నాం దగ్గుతున్నాం, పక్కింటి వాళ్ళు కిటికీలు వేసుకున్నారు, నా డబ్బాలో వీఓసీ నంబర్ మాత్రం ఉన్నచోట నుంచి ఒక్క అంగుళం కదల్లేదు. అమ్మ అటొకసారి ఇటొకసారి చూసి "దీనికి జలుబు చేసిందేమోరా" అంది. కానీ అదే స్క్రీన్ మీద కింది వరసలో పీఎం 10, పీఎం 2.5 రెండూ ఎగిరిపోయినయ్. అక్కడుంది సంగతి. మిర్చి ఘాటు వాసన కాదు. ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్ మామూలు వేడికి ఆవిరి కాదు, దానికి చెప్పుకోదగ్గ వాసన కూడా లేదు, అది దుమ్ము మీదెక్కి వస్తుంది. ముక్కులో తగిలేది కూడా వాసన రిసెప్టర్లకి కాదు, మంటని కనిపెట్టే నరాలకి, వాటి మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్‌కి. అదే రిసెప్టర్ 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా కదులుతుంది, మిరపకాయ తింటే నోరు కాలినట్టుండేది అందుకే. దీన్ని 1997లో బయటపెట్టింది డేవిడ్ జూలియస్ బృందం, 2021లో ఆయనకి నోబెల్‌లో వాటా వచ్చింది, వెతకడానికి వాడింది మన క్యాప్సైసిన్‌నే. మన యార్డు హమాలీలకి ఒక సన్మానం అన్నా చేయాల్సింది.

ఎండుమిరపకాయలు నూనెలో వేయించినప్పుడు మాత్రం వీఓసీ లేచింది. ఆహా పట్టింది అని సంబరపడ్డా గానీ గారెలు వేసినప్పుడూ అంతే లేచింది, అంటే అది కాగిన నూనె లెక్క, మిరపకాయది కాదు. నూనె తుంపరల మీద ఎక్కే ఘాటు గొంతులోకి వస్తుంది, డబ్బాలో పీఎం వైపు పడుతుంది. చిమ్నీ ఆన్ చేస్తే ఎంతసేపట్లో నంబర్ దిగుతుందో చూడటానికి మాత్రం ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది, మా చిమ్నీ చప్పుడే గానీ లాగడం లేదని దీనివల్లే తెలిసింది, ఫిల్టర్ తీసి కడిగిస్తే బాగుపడింది.

మా మావయ్య మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా, సీజన్ జోరుగా ఉన్నప్పుడు రెండు డబ్బాలూ పట్టుకుని ఆయన దగ్గరికి పోయా. "ఏంది అల్లుడూ, పొలూషనోళ్ళు పంపించారా" అని అక్కడ అందరూ నవ్వారు. షెడ్డు కింద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా పేర్చి ఉన్నయ్, హమాలీలు తువ్వాలు ముక్కుకి చుట్టుకుని మోస్తున్నారు, ఒక పక్క కుట్టు విప్పి శాంపుల్ కాయ పోస్తున్నారు, కాయ కింద పడినప్పుడల్లా ఎర్రటి పొడి లేస్తా ఉంది. ఫ్యాన్ ఉన్న డబ్బాలో పీఎం నంబర్లు అప్పటికప్పుడు దూకినయ్. ఫ్యాన్ లేనిది పక్కనే ఉండి కూడా ఎంతో సేపటికి గానీ కదల్లేదు, అది కూడా ఎవరో తువ్వాలు విదిలిస్తే. వీఓసీ రెండింట్లోనూ లారీ స్టార్ట్ చేసినప్పుడే లేచింది, డీజిల్ పొగకి. మావయ్య అయితే గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసి "ఇది కోల్డ్ స్టోరేజీ సరుకు, ఇది కొత్త కాయ" అని చెప్పేస్తాడు. నలపడం అనే చిన్న పని ఉంది చూశారా, అదే నా డబ్బాకి రానిది. కాయలో దాక్కున్న వాసనని బయటికి తెచ్చి, ముక్కు దగ్గరికి చేర్చి, గట్టిగా పీల్చి అప్పుడు చెప్తున్నాడు.

ఈ రివ్యూలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ పట్టుకోవడం గురించే. అందరూ సెన్సార్ ఎంత సున్నితమైనది అని అడుగుతారు, గాల్లో ఉన్నదాన్ని సెన్సార్ దాకా ఎట్టా తెస్తున్నారు అని ఎవరూ అడగరు. ముక్కు సగం పని అక్కడే చేస్తుంది. కుక్క వాసన చూసేటప్పుడు సెకనుకి దాదాపు ఐదు సార్లు పీలుస్తుంది, వదిలేటప్పుడు ముక్కు పక్క చీలికల నుంచి వెనక్కీ కిందికీ వదుల్తుంది, ఆ ఊదుడుకి ముందు వైపు నుంచి కొత్త గాలి లాక్కొచ్చినట్టు వచ్చేస్తుంది. అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు 2016లో లాబ్రడార్ ముక్కుని 3డి ప్రింట్ చేసి దానితో ఇట్టాగే పీల్పించి ఊదించి చూశారు, అదే పద్ధతిని బజార్లో దొరికే పేలుడు పదార్థాల డిటెక్టర్‌కి తగిలిస్తే అది పది రెట్లకి పైగా మెరుగ్గా పట్టింది. లోపల సెన్సార్ మారలేదు, గాలి తెచ్చే తీరు మారింది.

లోపలికొచ్చాక ఇంకో మెలిక ఉంది. ముక్కులో రిసెప్టర్లు తడిలో ఉంటయ్, వాసన మోసుకొచ్చేవేమో చాలావరకు నూనె గుణం ఉన్న రసాయనాలు, తడిలో తేలిగ్గా కరగవు. వాటిని ఆ జిగట పొర దాటించడానికి ఒక రకం ప్రోటీన్లు సాయపడతయ్. ఇప్పుడు ల్యాబుల్లో నిజం రిసెప్టర్లనే తీసుకుని చిప్ మీద పెట్టి బయోసెన్సార్లు చేస్తున్న వాళ్ళకి వచ్చే చిక్కు సరిగ్గా ఇదే, రిసెప్టర్ ఎండిపోతే పనిచేయదు, తడిలో పెడితే గాల్లో రసాయనం అందులోకి దిగదు. టోక్యో యూనివర్సిటీ వాళ్ళు 2021లో దోమ వాసన రిసెప్టర్లని నీటి బొట్ల మధ్య సన్నటి కొవ్వు పొరలో అమర్చి, పక్కన అతి సన్నటి చీలికల గుండా గాలిని పంపి, మనిషి ఊపిరిలో కలిపిన ఆక్టెనాల్ అనే వాసన రసాయనాన్ని వందకోట్లలో ఒక పాలు స్థాయిలో కనిపెట్టారు. దోమ రిసెప్టర్ అంత బాగా పనిచేస్తుందని చెప్పడానికి టోక్యో దాకా ఎందుకు, బెజవాడ కాలవ గట్టున సాయంత్రం కాసేపు నిలబడితే చాలు. కానీ నేను ఇందులో చూసింది ఆ చీలికల్ని, గాలి బొట్టుకి తగిలేట్టు చేయడానికే అంత తంటా పడ్డారు. ఇంకో దారి కూడా ఉంది, టెనాక్స్ అనే పాలిమర్ పొడి నింపిన గొట్టంలోంచి పంపుతో గాలిని చాలాసేపు లాగుతారు, రసాయనాలు పొడికి పట్టుకుంటయ్, తర్వాత ఒక్కసారిగా వేడి చేస్తే అన్నీ కలిసి చిక్కగా బయటికొస్తయ్, అప్పుడు ఏది ఏదో విడదీసి చెప్పే మిషన్‌కి పెడతారు. గాల్లో ఎంత పల్చగా ఉన్నా దొరకడానికి కారణం ఈ పోగుచేయడమే. గాలి శాంపుల్ తీసే ల్యాబుల వాళ్ళు ఎవరైనా ఇంటికి వస్తే ఆ గొట్టం, ఆ పంపు తెచ్చారా లేదా చూడండి, చేతిలో మీటర్ ఒకటి ఊపి రిపోర్టు ఇస్తామంటే డబ్బు ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇదంతా చదివాక నా డబ్బా అట్ట మీద "కుక్క ముక్కు స్ఫూర్తితో" అని బొమ్మతో సహా వేసింది చూసి ఒళ్ళు మండింది. విప్పి చూశాగా, లోపల స్ఫూర్తి అంతా ఒక చిన్న ఫ్యాను, అది కూడా దుమ్ము సెన్సార్ కోసం పెట్టింది, దాని పుణ్యాన వీఓసీ చిప్ మీదుగా కూడా గాలి పోతా ఉంటుంది. అయినా ఆ ఫ్యానే రెండో దానికీ దీనికీ తేడా, అందుకే కొనమంటున్నా. ఫ్యాన్ లేనిది కొనేసిన వాళ్ళుంటే అల్మరా మూలన, టీవీ వెనకాల, పరదా పక్కన పెట్టకండి, గది తలుపుకీ కిటికీకీ మధ్య గాలి నడిచే దారిలో, మనం కూర్చుంటే ముక్కు ఉండే ఎత్తులో పెట్టండి, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకా మంచిది. ఏసీ గాలి నేరుగా కొట్టేచోట మాత్రం వద్దు.

తిట్టే పని మిగిలిపోయింది. మా చెల్లెలు సెలవులకొచ్చి రోజూ డబ్బా ఉన్న టేబుల్ దగ్గరే అద్దం పెట్టుకుని జుట్టుకి సీరం రాసుకునేది. ఆ తర్వాత్తర్వాత డబ్బా మందగించింది, శానిటైజర్ ఒలకపోసినా పెద్దగా కదలదు. ఈ హెయిర్ సీరంలలో, బాత్రూంలో పూసే సిలికాన్ సీలెంట్‌లలో ఆవిరయ్యే సిలికాన్ పదార్థాలుంటయ్, అవి వేడి పొర మీద పడి ఇసక జాతి పొరగా గట్టిపడిపోయి సెన్సార్ ముఖం మూసేస్తయ్, ఈ రకం సెన్సార్లకి అది తెలిసిన రోగమే. మరి ఆ ముక్క మాన్యువల్‌లో ఎందుకు రాయరు? గవర్నర్‌పేటలో సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి ఆన్ చేసి, లైటు వెలిగింది కదా సార్ బాగానే ఉంది అన్నాడు. స్పిరిట్ దూది దగ్గర పెట్టి చూపించా. అప్పుడు లోపలికెళ్ళి వచ్చి సెన్సార్ విడిగా దొరకదు, కొత్తది తీసుకోండి, పదిహేను శాతం డిస్కౌంట్ ఇస్తాం అన్నాడు. వారంటీ ఉంది బాబూ అంటే రసాయనాల వల్ల పాడైతే వర్తించదంట. రసాయనాలు పట్టడానికి అమ్మిన వస్తువుకి రసాయనాలు తగిలితే వారంటీ పోతుందంట, ఇంక ఏం మాట్లాడతాం. మళ్ళీ పట్టుబట్టి మెయిల్ మీద మెయిల్ పెడితే నెలాఖరుకి మార్చిచ్చారు, అదొక్కటే చెప్పుకోవాల్సిన మంచి.

సీఓటూ అని చూపించే నంబర్‌ని నమ్మకండి, నా దాంట్లో అసలు సీఓటూ సెన్సార్ లేదు, వీఓసీ నంబర్‌ని బట్టి అంచనా కట్టి వేస్తుంది. ఖాళీ గదిలో స్పిరిట్ దూది పెడితే సీఓటూ రెండు వేలు దాటిందని చూపించింది, గదిలో ఊపిరి పీల్చే ప్రాణి లేదు. బయట గాల్లో అది 420 పీపీఎం పైచిలుకు ఉంటుంది, నిజంగా కొలవాలంటే ఎన్‌డీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో సీఓటూని నేరుగా కొలిచే పద్ధతి) అని రాసున్న మోడల్ చూసుకోండి, రేటు ఎక్కువే. చలికాలం పొద్దున్నే పొగమంచు ఉన్నప్పుడు పీఎం నంబర్ చూసి కూడా భయపడొద్దు, డబ్బా లోపల దుమ్ము లెక్కపెట్టే లేజర్‌కి నీటి తుంపర, దుమ్ము రెండూ ఒకటే, కుక్కర్ ఆవిరి దగ్గర పెట్టినా అట్టాగే ఎగురుతుంది. ప్లైవుడ్డు జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే గ్యాస్‌ని చూపిస్తామనే చవక డబ్బాలు కూడా చాలావరకు ఆల్కహాల్‌కి మోసపోతయ్, కబోర్డుల విషయంలో నేను చివరికి చేసింది తలుపులు తీసిపెట్టి రోజూ మధ్యాహ్నం ఎగ్జాస్ట్ వేయడమే.

ఇంకో ముఖ్యమైన మాట, దీన్ని గ్యాస్ అలారం అనుకుని వంటింట్లో నిశ్చింతగా ఉండకండి. గ్యాస్ లీకైనా ఇది అరవదు, లైటు రంగు మారుతుందంతే, ఆ రంగు పోపు వేసినా మారుతుంది. గ్యాస్ అలారం విడిగా కొనండి. సిలిండర్ వాడేవాళ్ళు నేలకి జానెడు ఎత్తులో పెట్టండి, ఎల్‌పీజీ గాలికంటే బరువు, కిందికి దిగి పాకుతుంది. విజయవాడలో పైపు గ్యాస్ వచ్చిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు మాత్రం పైన, స్లాబుకి దగ్గర్లో పెట్టాలి, అందులో ఉండేది మీథేన్, అది పైకి పోతుంది. మా బావ వాళ్ళ పటమట ఫ్లాట్‌లో ఎలక్ట్రీషియన్ పైపు గ్యాస్‌కి కూడా కిందే బిగించి పోయాడు, నేను చూసి పైకి మార్పించా. గ్యాస్‌కి మనకి తెలిసే ఆ కుళ్ళు వాసన కూడా గ్యాస్‌ది కాదు, లీకైతే తెలియాలని కలిపే మెర్‌కాప్టాన్‌ది, జలుబు చేసినోళ్ళకి, పెద్దవాళ్ళకి అది కూడా అందదు, కాబట్టి ముసలాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో ఎయిర్ మానిటర్ కంటే ముందు అలారం కొనండి.

నాకు ఫ్యాన్ ఉన్నది ఆరు వేల చిల్లర పడింది, పండగ సేల్‌లో ఇంకా తగ్గుతుంది. ఆయాసం ఉన్నవాళ్ళు, కొత్తగా పెయింటు వేయించిన వాళ్ళు, యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల పక్కన ఉండేవాళ్ళు పీఎం కోసం తీసుకోవచ్చు, ఆ పని బాగా చేస్తుంది, ఐదుకి మూడున్నర ఇస్తా. వాసన ఏందో పేరు పెట్టి చెప్తుందని మాత్రం కొనకండి. ఫ్యాన్‌లో దుమ్ము చేరి గరగర మంటే సన్న బ్రష్‌తో దులపండి, నోటితో ఊదొద్దు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అసలు కొట్టొద్దు, అందులోనూ సిలికాన్ ఉండే రకాలున్నయ్.